అంగీ విప్పని బాపు

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె. చేపలు తినాలి కాబట్టి తిన్నాం. మహిధర్ పొద్దున్నే పోయి గంటసేపు నిలబడి రెండు కిలోల బొచ్చె తెచ్చాడు. దానికి వారం దాకా గొప్పలు చెప్పుకుంటాడు మా ఆయన.

కార్తె వచ్చినా చినుకు లేదు. ఫ్యాన్ వేడిగాలి కొడుతోంది. బాపు నిండు చేతుల అంగీ తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని పులుసు తిన్నాడు. చెమట కంచంలో పడేలా ఉంది. నాకు తెలివి వచ్చినప్పటి నుంచీ ఇంట్లో బాపు ఒంటి మీద అంగీ చూడలేదు. భుజం మీద తువ్వాల, అంతే. నా పెళ్ళిచూపులనాడు అమ్మ తిడితే గానీ తొడగలేదు. విప్పు బాపూ అంటే గాలి తగుల్తది బిడ్డా అన్నాడు. గాలి తగలక కదా జనం చస్తున్నది!

జూన్ 10, మంగళవారం

ఈరోజు ముప్పై ఎనిమిది చార్టులు. టార్గెట్ అయింది. మెడ పట్టేసింది.

నా పని ఎవరికి చెప్పినా అర్థం కాదు. అమెరికాలో ఒక రొమ్ము దవాఖాన ఉంది. అక్కడి డాక్టర్లు రాసిన నోట్స్ చదివి, ఏ రోగానికి ఏ కోడ్ పడుతుందో ఇక్కడ ఇబ్రహీంపట్నంలో మా బెడ్రూం కిటికీ పక్కన కూర్చుని వేస్తాను. కుడియా ఎడమా, గడ్డ ఎక్కడుంది, నొప్పి ఉందా. మూడేళ్ళుగా ఇదే. మహిధర్ ఆదిబట్ల ఫ్యాక్టరీలో తోటివాళ్ళకి మా ఆవిడది హాస్పిటల్ పని అని చెప్పి ఊరుకుంటాడు. రొమ్ము అనడానికి సిగ్గు ఆయనకి.

బాపుకి ఒకసారి ఓపిగ్గా చెప్పాను. రోగానికి నెంబరేంది, బర్రెకు చెవిపోగు ఏసినట్టు, అన్నాడు. అంతకంటే బాగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

జూన్ 12, గురువారం

నీళ్ళ క్యాన్ లోపల పెడుతుంటే నా మోచేయి బాపు ఛాతీకి తగిలింది. గట్టిగా కాదు. అమ్మా అని గోడ పట్టుకుని వంగిపోయాడు.

ఏమైంది అంటే మన ఊరు మంచాలలో పొలం కాడ బోరు పైపు తాకింది అన్నాడు. ఎప్పుడు? మొన్న. మొన్న ఎక్కడికీ పోలేదు కదా బాపూ నువ్వు! దొరికిపోయాడు. అరగంట బతిమిలాడాను, ఆఖరికి అరిచాను. అప్పుడు చెప్పాడు. ఎడమ పక్క, చనుమొన కింద, రూపాయి బిళ్ళంత గట్టిగా. నాలుగు నెలలైతాంది అన్నాడు. నాలుగు నెలలు!

నాకు ముందు ఏడుపు రాలేదు, కోడ్ వచ్చింది. ఎన్63, ఎడమ, మొన కింద గడ్డ. నా మీద నాకే అసహ్యం వేసింది. తర్వాత బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను.

జూన్ 13

సీ50 అంటే రొమ్ము క్యాన్సర్. అందులో మగవాళ్ళకి వేరే అంకె ఉంది. మూడేళ్ళలో నేను నాలుగుసార్లు వేశాను.

జూన్ 15, ఆదివారం

మూడు రోజులుగా ఒకటే పాట. ఆడోళ్ళ రోగం నాకెందుకొస్తది, నలుగురికి తెలిస్తే నవ్వరా, సిద్దయ్యకు గిదేం రోగమని ఊరంత అనరా. అమ్మ ఉంటే ఒక్క చూపు చూసేది, చెప్పులేసుకుని బయల్దేరేవాడు. అమ్మ పోయి పదహారు నెలలు. ఒంటరిగా వద్దని మంచాల నుంచి తీసుకొచ్చి మాతో పెట్టుకున్నాను కానీ, అమ్మ చూపు నాకు రాదు.

చివరికి నిన్న చేసిన చార్టు సంగతి చెప్పాను. పేరు చెప్పలేదు, చెప్పకూడదు. డెబ్బై ఏళ్ళ లారీ డ్రైవరు బాపూ, మగాడే, ఇట్లాంటి గడ్డతోనే దవాఖానకు వచ్చాడు అన్నాను. బాపు, గాయన ఒక్కడే పోయిండా అని అడిగాడు. భార్య వెంట వచ్చిందని రాసి ఉంది అన్నాను.

నసీబున్నోడు, అన్నాడు బాపు. కాసేపటికి, పోదాం తియ్ అన్నాడు.

జూన్ 17, మంగళవారం

సాగర్ రోడ్డు మీద సర్జన్‌కి చూపించాం. మంచివాడే. మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే బాపు ఛాతీ విరుచుకుని, పుట్టినకాడికెళ్ళి గోళీ మొకం చూడలే సారు, అన్నాడు. డాక్టర్ నవ్వి, మందులు లేవు అని రాసుకున్నాడు. మామోగ్రామ్ తీయించుకు రమ్మన్నాడు.

జూన్ 18, బుధవారం

ఎల్బీ నగర్ అవతల స్కానింగ్ సెంటర్. వెయిటింగ్ హాల్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళు, బాపు.

పక్కన కూర్చున్న పెద్దావిడ పేరు ఈదమ్మ. నన్నే పేషెంట్ అనుకుంది. ఫికర్ జెయ్యకు బిడ్డా, నాకు గూడ మూడేండ్ల కింద గిట్లనే భయపెట్టిండ్రు, ఏం గాలే, నీ అయ్యను జూడు, పాపం ముఖం ఎట్ల గుంజుకపోయిందో, అని నా తల నిమిరింది. సంచిలోంచి గుడి కుంకుమ తీసి నుదుట పెట్టింది. నా అయ్య ఆ పక్కన కిటికీలోంచి బస్సులు చూస్తూ కూర్చున్నాడు. నోరు విప్పితే ఒట్టు! అయ్యయ్యో నాకు కాదమ్మా అనలేక, నేనే పేషెంట్‌లా తలూపాను.

లోపల్నుంచి సిద్దయ్య అని పిలిచారు. బాపు లేచాడు. హాలంతా అటే చూసింది. ఈదమ్మ నోరు తెరుచుకుంది, మూసుకుంది. తర్వాత ఒక్కటే మాట అన్నది. పో అన్నా, భయపడకు, జర గట్టిగ ఒత్తుతరు గంతే. బాపు నుదుట కూడా కుంకుమ పెట్టి పంపింది. ఎక్కడ ఉన్నా ఆ తల్లి చల్లగా ఉండాలి.

బయటికొచ్చాక బాపు, గానుగల బెట్టి పిండినట్టు పిండిండ్రు బిడ్డా, ఆడోళ్ళకు దండం బెట్టాలె, అన్నాడు. బస్సులో రెండుసార్లు నవ్వాడు. చాన్నాళ్ళయింది ఆ నవ్వు చూసి.

జూన్ 20, శుక్రవారం

రిపోర్ట్ ఫోన్లో వచ్చింది. నార్మల్!!! బాపు తానే పోయి నాటుకోడి తెచ్చాడు. జెప్పిన గదా, జెప్పిన గదా, అని ఇరవై సార్లు అన్నాడు. అననీ. మహిధర్ చేత కూడా నిమ్మకాయలు పిండించాడు.

అంగీ మాత్రం విప్పలేదు.

జూన్ 21, శనివారం

నిన్న కూతురిగా చదివాను, చివరి లైను ఒక్కటే. ఈరోజు కోడర్‌లాగా పైనుంచి చదివాను.

మిసెస్ సిద్దయ్య. వయసు 63. స్త్రీ.

ఫిల్ము చూసే డాక్టర్ ఎక్కడో కూర్చుని చూస్తాడు, మనిషిని చూడడు. మొన కింద రొమ్ము కణజాలం ఉంది, వయసుకి తగ్గట్టే ఉంది అని రాశాడు. ఆడమనిషికి ఉంటే అది నార్మలే. మగవాడికి అక్కడ అది ఎందుకుంటుంది?

ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి, మామోగ్రామ్ అని కొట్టగానే సిస్టం అదే ఫిమేల్ తీసుకుంటది మేడం, మేమేం జేయాలె, అంది. కోపంతో ఫోన్ పెట్టేశాను. బాపేమో, పోనీ తియ్ బిడ్డా, ఆడదాన్ని జేస్తే జేసిండ్రు, మంచిగుందన్నరు గదా, అని నన్నే ఊరుకోబెట్టాడు.

ఊరుకోలేదు. మా పనిలో డాక్టర్ రాసింది తప్పనిపిస్తే మేం దిద్దకూడదు, ప్రశ్న రాసి పంపాలి. జవాబు మనమే అందించినట్టు ఉండకూడదు. అట్లాగే రాశాను. పేషెంట్ పురుషుడు. దయచేసి ఫిల్ము మళ్ళీ చూసి మీ అభిప్రాయం తెలపండి. మూడు లైన్లు. మూడేళ్ళలో వందల క్వెరీలు పంపాను. ఒక్కదానికీ దేవుడికి దండం పెట్టుకోలేదు, దీనికి పెట్టుకున్నాను.

జూన్ 24, మంగళవారం

కొత్త రిపోర్ట్. గైనకోమాస్టియా. మగవాళ్ళకి రొమ్ము కణజాలం పెరగడం. క్యాన్సర్ లక్షణాలు కనబడడం లేదు. వాడుతున్న మందుల వివరాలతో పోల్చి చూడాలి.

ఎన్62. ఎంత ముద్దుగా ఉంది ఈ నెంబరు ఈరోజు!

కానీ సర్జన్ పూర్తిగా వదల్లేదు. ఊరికే రాదు, కారణం ఉండాలి అన్నాడు. మందులు, లివరు, హార్మోన్లు. కారణం దొరకకపోతే సూది గుచ్చి ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు. మళ్ళీ అడిగాడు, నిజంగా ఏ మందూ లేదా అని. బాపు గోడ మీద క్యాలెండర్ చూస్తూ మోకాలు రుద్దుకుంటూ లేదు సారు అన్నాడు. సూది పరీక్ష వచ్చే సోమవారానికి రాశారు.

జూన్ 25

అబద్ధం చెప్పేటప్పుడు మోకాలు రుద్దుకుంటాడు. అమ్మ చెప్పేది.

జూన్ 26, గురువారం, పొద్దున ఆరు

వంటింట్లో చప్పుడైతే లేచి వచ్చాను. బాపు ఛాయ పెట్టుకున్నాడు. తువ్వాల మడతలోంచి గోళీల షీటు తీసి, ఒకటి ఒత్తి అరచేతిలో వేసుకుని, ఛాయతో మింగాడు. నన్ను చూసి చేయి వెనక్కి దాచాడు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి నేను దాచినట్టే.

లాక్కుని చూశాను. స్పైరనోలాక్టోన్. అమ్మ గుండెకి వాడిన గోళీ. నేను చార్టుల్లో ఎన్నిసార్లు చదివాను దీని పేరు, మగవాళ్ళ ఎన్62 పక్కన, కారణం ఇదే అని.

ఎందుకు మింగుతున్నావ్ అని అరిచాను. బాపు స్టూలు మీద కూర్చున్నాడు. మెల్లగా చెప్పాడు.

ఏడేళ్ళు నెల నెలా మంచాలలో బస్సెక్కి ఇక్కడికొచ్చి, బస్టాండ్ దగ్గర పరమేష్ మెడికల్ షాపులో అమ్మ గోళీలు తీసుకుపోయేవాడు. అమ్మ దశదినకర్మ అయిన వారానికి ఆ తేదీ వచ్చింది. కాళ్ళు వాటంతటవే వొయినయి బిడ్డా అన్నాడు. పరమేష్ అడక్కముందే షీట్లు కట్టి ఇచ్చి, అమ్మ మంచిగుందా కాకా అన్నాడు. మంచిగుంది అన్న, అన్నాడు బాపు. నోట్లెకెళ్ళి గట్లనే వచ్చింది. ఒక్కసారి మంచిగుంది అన్నంక, మల్లొచ్చే నెల పోయి సచ్చిపోయింది అని ఎట్ల జెప్పాలె?

తక్కిన గోళీలు అమ్మే వేసుకునేది. ఈ పొద్దుటిది మాత్రం బాపు ఛాయ పెట్టి, చేతిలో వేసేవాడు. అమ్మ చేదని ముఖం తిప్పితే తిట్టేవాడు. ఇప్పుడు ఛాయ పెట్టంగనే గోళీ చేతుల పడ్తది, తీసుకునేటోళ్ళు లేరు, పారెయ్య బుద్ధిగాలె, అన్నాడు. ఆమెది పారేసుడేంది బిడ్డా? నేనే మింగిన.

బాపు కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. ఛాయ చల్లారింది. ఇద్దరం అదే తాగాం.

జూన్ 27, శుక్రవారం

డాక్టర్ తల పట్టుకున్నాడు, తిట్టాడు, తర్వాత బాపు భుజం మీద చేయి వేశాడు. గోళీ ఆపేయమన్నాడు. రక్తపరీక్ష చేయించాడు, బాగానే ఉంది. సూది వద్దు, మెల్లగా తగ్గుతుంది, మూడు నెలలకు రండి, తగ్గకపోతే చూద్దాం అన్నాడు.

మా కోడింగ్‌లో ఒక రూలుంది. మనకి రాసిన మందు సరిగ్గా వేసుకున్నా పడకపోతే అడ్వర్స్ ఎఫెక్ట్. వేరేవాళ్ళకి రాసిన మందు మింగితే పాయిజనింగ్. పొరపాటునా, కావాలనా, ఇంకొకరు పెట్టారా అని దానికి ఒక అంకె వేయాలి. మా టీం లీడ్ అరుణ మేడంని ఎవరిదో కేసన్నట్టు అడిగాను. ఉద్దేశం రాసి లేకపోతే పొరపాటు అని వేసెయ్ అంది.

పదహారు నెలలు, రోజూ పొద్దున. పొరపాటంట!

జూలై 4, శుక్రవారం

పొద్దున బాపు ఛాయ పెట్టి అరచేయి చాపి నిలబడుతున్నాడు. ఏం చేయాలో తెలియదు ఆ చేతికి. ఈరోజు నా బి-కాంప్లెక్స్ గోళీ తీసి ఆ చేతిలో పెట్టాను. నాకు ఇయ్యి బాపూ అన్నాను. ఇచ్చాడు. చేదుగా ఉందని ముఖం తిప్పాను. మింగు, నకరాలు జెయ్యకు, అని తిట్టాడు.

జూలై 9, బుధవారం

పరమేష్ షాపు తేదీ. నేను పోతా, నువ్వు రోడ్డు ఇవతల్నే ఉండు అన్నాడు బాపు. ఉన్నాను. పరమేష్ షీట్లు తీసి కౌంటర్ మీద పెట్టడం కనబడింది. బాపు వాటిని వెనక్కి తోశాడు. ఏదో అన్నాడు. పరమేష్ షట్టర్ సగం దించి బయటికొచ్చి బాపు చేయి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక బాపు అంగీ విప్పి తలుపు మీద వేశాడు. వాపు ఇంకా ఉంది.