అశ్వగంధ సీసా మీద మా ఆవిడ ఫోటో

మందుల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అశ్వగంధ మాత్రల సీసా మీద నుండి నా భార్య ఫోటో తొలగించుట, సదరు సీసా మీద హెచ్చరిక కంటికి ఆనేలా వేయించుట గురించి.

బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేయుచున్న నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆమెకు నిద్ర పట్టేది కాదు. సదరు మాత్రలు వాడాక పట్టింది. ఉన్న మాట దాచను, మందు పనిచేసింది. ఆ సంతోషంలో ఆమె కంపెనీకి ఫోన్ చేసి చెప్పగా, వారు వచ్చి ఫోటో తీసుకొని, "ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాను" అను మాటతో సీసా మీద వేసినారు. నాటి నుండి మా వీధిలో ఆమెకు 'సీసా అక్క' అనే పేరు స్థిరపడినది.

2. కొంతకాలానికి ఆమెకు తిండి సయించలేదు. ఒళ్లంతా దురద. కళ్లు పచ్చబడినవి. మాత్రలు మానేయమని నేను పోట్లాడితిని. ఆమె సమాధానం యథాతథముగా: "సీసా మీద ఉన్నది నేనేగా! నేనే మానేస్తే నన్ను చూసి కొనుక్కున్నవాళ్లు ఏమనుకుంటారు? అయినా ఏదో చెట్టు వేరు పొడే కదా, ఏం చేస్తుంది?" అయ్యా, మాట మీద నిలబడే మనిషి. అదే నా కొంప ముంచింది.

3. ఆసుపత్రిలో డాక్టరు గారు కాలేయం దెబ్బతిన్నదని చెప్పినారు. "చాలామందికి ఏమీ కాదండీ. ఎవరో కొందరికి ఇలా వికటిస్తుంది. కళ్లు పచ్చబడగానే మానేసి మా దగ్గరికి రావాలి. ఆ సంగతి సీసా మీద లేదా?" అన్నారు. ఉన్నదండీ. అడుగు అంచున, చీమ తలకాయంత అక్షరాల్లో. కాలేయ జబ్బు ఉన్నవారు, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు, గర్భిణులు డాక్టరును అడగనిదే వాడరాదని కూడా అక్కడే ఉన్నది. సూదిలో దారం ఎక్కించే కళ్లకే అది ఆనలేదు. ఆమె నవ్వు మాత్రం సగం సీసా ఆక్రమించినది.

4. ఆమె చనిపోయింది. ఈ విషయమై తమరు చేయగలిగినది ఏమీ లేదు. అయినా అర్జీలో రాయక తప్పదు కదా.

5. కంపెనీవారిని అడిగితే "ఉన్న స్టాకు అయిపోనివ్వండి, చూద్దాం" అంటున్నారు. నా భార్య ఇప్పటికీ ప్రతి మందుల షాపులోనూ హాయిగా నిద్రపోతున్నానని జనానికి చెబుతూనే ఉన్నది. నేను విని తట్టుకోలేకపోతున్నాను.

కావున ఆ సీసాలు వెనక్కి తెప్పించి, ఫోటో తీయించి, అది ఉన్న చోటే, అంత కొలతలోనే హెచ్చరిక వేయించవలసినదిగా ప్రార్థన. తమరు ఆ సీసా ఒకటి చేత పట్టుకొని ఈ అర్జీ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సీసా మీద ఉన్నావిడ భర్త

తా.క.: పొద్దున డ్యూటీకి వెళ్తూ మా వీధి షాపులో సీసాలన్నీ గోడవైపు తిప్పేసి వచ్చాను. సాయంత్రం మళ్లీ వెళ్లి ఒకటి ఇటు తిప్పుకున్నాను. ఆ రోజు ఫోటో తీస్తుంటే, తీసేవాడి వెనక నిలబడి గ్రీజు చేతులతో తల దువ్వుకున్నది నేనేనండీ. అందుకే అంత నవ్వింది. ఇంట్లో ఫోటోలన్నిటిలోనూ బిగుసుకుపోయే ఉంది. మీవాళ్లు సీసాలు పట్టుకుపోయేటప్పుడు ఒకటి నాకు వదిలేయమనండి. మాత్రలు పారబోయమనండి, ఖాళీదే చాలు.