కుళాయి పాట

శుక్రవారం, మధ్యాహ్నం

చిరంజీవి మరదలికి,

వదిన ఆశీస్సులు. అందరం కులాసా అని రాద్దామని కూర్చున్నాను గానీ, వీధిలో బండి ఆగిన చప్పుడైతే చాలు, కలం ఆగిపోతోంది. నీ గొంతు ఎలా ఉంది? పిన్నిగారిని విసిగించకుండా మందు వేసుకుంటున్నావా?

సమ్మె చేస్తున్న మిల్లు వాళ్ళ ఇళ్ళకి నీళ్ళు ఆపేశారని నువ్వు కుళాయి పాట రాశావు కదా. దానికి నేను కీబోర్డు మీద జోలపాటలా మెత్తటి వరస కట్టానే, మొదట్లో కుర్రకారు ప్రేమపాటనుకుని కళ్ళు మూసుకు ఊగేవాళ్ళు. ఇప్పుడు మిల్లు గేటు దగ్గర ఆడవాళ్ళు బిందెలు వాయిస్తూ పాడుతున్నారు. వినగానే ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది.

మంగళవారం మఫ్టీలో ఇద్దరు పోలీసులు వచ్చారు. పాటలు రికార్డు చేసుకోవడానికి గోడలకి బొంతలు కొట్టిన మన వెనక గదంతా చూశారు. పాట రాసిందెవరని అడిగారు. ఒకాయన కీబోర్డు మీద వేలు పెట్టాడు. నేను దాన్ని ఆపడం మరిచాను, మనం మబ్బుల మోత అని పిలుచుకునే ఆ ధ్వని గది నిండా లేచేసరికి నిప్పు తొక్కినట్టు ఎగిరిపడ్డాడు. నవ్వొచ్చింది గానీ నవ్వే ధైర్యం రాలేదు.

ఈ సాయంత్రం మన కచేరీ ఉన్న హాలు యజమాని ఫోన్ చేసి, కలలూ వెన్నెలా పాడుకోండమ్మా, ఆ ఒక్కటీ వదిలేయండి అని బతిమాలాడు. ఒక్క పాట పాడకపోతే కొంపలేం మునగవుగా అన్నారు మీ అన్నయ్య కూడా. నిజమేననిపించింది.

నిన్న మిల్లులో దారం చుట్టే ఒకావిడ వచ్చింది. వాళ్ళ నాయకురాలిని పట్టుకెళ్ళారట. మీరూ ఆపేస్తే మేమే తప్పు చేశామేమో అనిపిస్తుందమ్మా అంది. ఇక నావల్ల కాలేదు. సాయంత్రం రికార్డు చేసిన నీ గొంతు పెట్టి నేనొక్కదాన్నే వాయిస్తాను. ఇది అందాక నువ్వు మాత్రం బయలుదేరి రావద్దు. ఇక్కడి దుమ్ముకి గొంతు మళ్ళీ పోతుంది.

నీ మేలు కోరే
వదిన

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. రావద్దన్నది గొంతు కోసం కాదు. పొద్దున ఆ పోలీసులు మళ్ళీ వచ్చారు. రాసినవాళ్ళని తీసుకెళ్తామన్నారు. నేనే రాశానన్నాను. అయితే మా ముందు రాయండని కాగితం ఇచ్చారు. పాటంతా రాసి సంతకం పెట్టాను. వాయించడం అవగానే స్టేషన్‌కి వస్తానంటే, హాలు గుమ్మం దగ్గరే ఉంటామన్నారు. రెండో చరణంలో ఒక పంక్తి గుర్తు రాలేదు. "నీళ్ళు రాని వీధి నిద్రపోదు" అని ఏదో అతికించాను. నీ పంక్తి ముందు అది దిగదుడుపే. సాయంత్రం రికార్డులో ఆ పంక్తి దగ్గర నీ గొంతు ఆపేస్తాను. అయినా ఇకమీదట నువ్వూ వాళ్ళ దగ్గరున్న కాగితంలో లాగే పాడాలి తల్లీ. పొరపాటున కూడా అసలుది నోట రానీకు.