ఎవరూ చనిపోని సందర్భంలో హాలు కోరుతూ

అలెగ్జాండ్రియా నగర సాంస్కృతిక భవన అధికారిగారికి,

అయిదుగురు సభ్యుల మా రాక్ బృందం 1981లో విడిపోయింది. ఆ పిమ్మట మూడుసార్లు, మరణించిన ఒక్కొక్క సభ్యుని నలభయ్యోరోజు సంస్మరణకు, తమ హాలులోనే తిరిగి కలిసి వాయించాము.

నిన్న మళ్లీ దరఖాస్తు ఇవ్వగా, తమ గుమాస్తా ఇన్షిరాహ్‌గారు, "ఈసారి ఎవరు పోయారు ఉస్తాద్?" అని అడిగారు.

"ఎవరూ పోలేదమ్మా."

"మరి కారణం గడిలో ఏం రాయమంటారు? పోయాక రండి, వెంటనే ఇచ్చేస్తాం."

నియమాన్ని నేను తప్పుపట్టను. అయితే మిగిలినది నేనూ, డ్రమ్స్ వాయించే వగీహూ మాత్రమే. శుక్రవారం అతనికి గుండె ఆపరేషన్. "గిటారు మీద నీ చేతికి తొందరెక్కువ, తాళం దాటేస్తావు. నేను లేకపోతే నిన్నెవడు ఆపుతాడ్రా?" అని తిడుతున్నాడు.

కావున గురువారమే హాలు ఇప్పించ ప్రార్థన. కారణం గడిని నేనే నింపాను: "ఇద్దరమూ ఉన్నాము."

ఇట్లు,
గిటారు వాయించే సభ్యుడు