గుర్రం మొహం చేప సంగతి

గిలకలదిండి, బందరు

గాయత్రికి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. సబ్బు అన్నది పోర్చుగీసు వాళ్ళ మాట అని నువ్వు రాస్తే, చేపలు ఎండబెట్టే చోట అందరికీ చెప్పాను. పాపాయమ్మ పిన్ని, "అయితే వాళ్ళు ఓడ దిగేదాకా మనోళ్ళు స్నానాలే చెయ్యలేదా ఏంటే?" అంది. నోరు విప్పని కొత్తకోడలినైన నాకు నీ సంగతుల వల్లే నలుగురూ దగ్గరయ్యారు.

నీ రెండో ఉత్తరం వచ్చేసరికి మాకు బాబు పుట్టి, కళ్ళు తెరవకుండానే పోయాడు. గుర్రం మొహం చేపల్లో మగదే పిల్లల్ని కడుపులో మోస్తుందని అందులో రాశావు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను.

అందరూ నా దగ్గర కూర్చుని ఏడ్చారు. ఆయన్ని మాత్రం ఎవరూ పలకరించలేదు, వెంటనే చేపల వేటకు రమ్మన్నారు. మొన్న అన్నం పెట్టి, నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "అవి వలలో పడితే పారేస్తాం" అన్నారు. ముద్ద కలపబోయి, "పిల్ల పోతే ఆ మగదాన్ని ఎవరన్నా పలకరిస్తారా?" అంటూ కంచం ముందే ఏడ్చారు.

ఆ సంగతి నిజమేనా అని రోజూ అడుగుతున్నారు. నిజమేనని మళ్ళీ రాయి. ఈసారి ఉత్తరం ఆయన పేరున రాయి. పేరు మా శుభలేఖలో ఉంటుంది.

నీ స్నేహితురాలు