గడిలో పట్టని మాట

అనంతపురం
14-3-1989

అమ్మకు,

నీ బిడ్డ నమస్కారాలు. ఈడ నేను కులాసా. హాస్టల్లో నీళ్ళు దినం మార్చి దినం వస్తాండాయి, ఎట్లో గడిచిపోతాండాది. ఊదుబత్తుల పొడికి నీకొచ్చే దగ్గు తగ్గిందని తలుస్తా. నువ్వే చదువుకుంటావని అక్షరాలు పెద్దగా రాస్తాండా. ఈ జాబు పక్కింటి అంజనమ్మక్కతో చదివించుకోవద్దు. మెల్లగా అయినా నువ్వే చదువు.

నా జ్వరం గురించి అడిగినావు. పోయి పది దినాలాయె. ఇంకోటి కూడా అడిగినావు, 'ఊర్లెంబడి తిరిగి జనాన్ని ఏమడుగుతాండావే, దాన్నీ చదువంటారా' అని. చెప్తా.

మనుషులు గుంపుగా ఎట్ల బతుకుతారో, ఎందుకు మారుతారో చూసేది నా చదువు. ఢిల్లీలో చదివొచ్చిన మేడమ్ ఒకామె పోయినేడు మాకు కొత్త పాఠం చెప్పింది. పోస్ట్‌మోడర్నిజం అంటారు దాన్ని. లోకమంతటికీ ఒకటే పెద్ద కథ కట్టి అందర్నీ దాంట్లో ఇరికించొద్దంటారు దాన్ని రాసిన పండితులు. మిషన్లొస్తే కష్టాలు పోతాయి, పట్నాలు పెరిగితే కులాలు పోతాయి, ఇట్లాంటివి పెద్ద కథలు. ఆ కథ ఎవరు చెప్తాండారో, దాని కింద ఎవరి మాట వినపడకుండా పోయిందో చూడమంటారు. మొదట్లో నాకిది పని లేనోళ్ళ మాటలాగే అనిపించింది.

నా సర్వే తనకల్లు పక్క ఊర్లలో. డెబ్బై రెండు కరువులో ఊరిడిసిపోయిన కుటుంబాల గురించి. దాంట్లో మన ఊరు కూడా ఉండాది. నీకు చెప్పకుండా పోయినానమ్మా. యూనివర్సిటీ ఆఫీసోళ్ళు అచ్చేసిచ్చిన ఫారంలో 'ఎందుకు పోయినారు' అనే దానికి చిన్న గడి ఒకటుండాది. అన్ని ఇండ్లకూ 'కరువు' అనే రాసినా. మన ఇంటికీ అదే రాసినా.

సుంకమ్మవ్వ నీకు గుర్తుంటాది, మన గోడ పక్కామె. ఇంటి ముందర చెనిక్కాయలు ఒలుస్తా అడిగింది.

"ఏం రాసుకుంటివి పాపా?"

"కరువని రాసినా అవ్వా."

"మీ యమ్మకు కూడా అదే రాస్తివా? ఆ ఏడు మీ బావిలో నీళ్ళుండె. మీ నాయన రెండో ఆమెను ఇంటికి తెచ్చిన పొద్దే మీ యమ్మ నిన్ను ఎత్తుకోని బెంగుళూరు బస్సెక్కింది. ఎవురడిగినా కరువుకు పోతాండా అనింది."

మనం పోయినాకే నాయన మళ్ళీ పెండ్లి చేసుకున్నాడని నేననుకుంటి. ఆరేండ్లదాన్ని, నాకేం తెలుసు. నేరుగా నాయన దగ్గరికి పోయి అడిగినా. "పాడు కరువే మనల్ని విడగొట్టిందమ్మా" అన్నాడు, నా మొగం చూడకుండా.

కరువనే ఆ మాట నాయనకు సిగ్గు దాచుకోనికి పనికొచ్చింది. నీకు తలెత్తుకోని బతకనికి పనికొచ్చింది. ఆఫీసోళ్ళకు ఫారం నింపనికి పనికొచ్చింది. మేడమ్ చెప్పిన పాఠం నాకు ఆ పొద్దు అర్థమాయె. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగినా. గడి పక్కన పెట్టి, ఊరికే కూచోని విన్నా. గంగప్ప అనే ఆయన ఊరి రెడ్డి చేత దెబ్బలు తిని పోయినాడంట. ఇంకొకామె పట్నం చూడాలని పోయిందంట. ఆకలికి పోయినోళ్ళూ చాలామందే ఉండారు.

పోయిన సోమవారం సెమినార్లో ఇదంతా చెప్పినా. డిపార్ట్‌మెంటు పెద్ద సారు లేచినాడు.

"అయితే కరువు లేదంటావా?"

"ఉండాది సార్. దాని పేరు మీద ఎవరెవరి మాటలు పూడ్చిపెట్టినామో చెప్తాండా."

"ఒక్కొక్కరి కథ వింటా కూచుంటే శాస్త్రం ఎట్లయితాది?"

"వినకుండా రాస్తే ఎట్లయితాది సార్?"

భయపడకుండా చెప్పినానమ్మా. నువ్వు చూసింటే సంతోషపడుతుంటివి. ఆయన ఈ సర్వేను మళ్ళీ రాయనికి ఏడాది గడువు ఇచ్చినాడు.

ఇప్పుడు అసలు మాట. బస్సెక్కిన ఆడమనిషి ఎవరని ఆయన మధ్యలో అడిగితే, మా అమ్మ అని చెప్పేసినా. పదిహేడేండ్లు నువ్వు కడుపులో పెట్టుకున్నది నలభై మంది ముందర పెట్టినా. వినపడని వాళ్ళ గురించి అంతసేపు మాట్లాడి, నీ మాట నిన్నడగకుండా నేనే చెప్పినా. నాయన చేసిన తప్పు వేరే, నేను చేసిన తప్పు వేరే. నాదే నన్ను ఎక్కువ బాధపెడతాండాది.

నీ గురించి రాసిన ఆ పేజీ నా పెట్టెలోనే ఉండాది. చించమంటే చించుతా. కరువనే రాయమంటే అదే రాస్తా. అది నువ్వు ఎంచుకున్న మాట, దాన్ని అబద్ధం అననికి నేనెవరు. సుంకమ్మవ్వ చెప్పింది కూడా ఆమె చూసినంతే గదా. ఆ పొద్దు నీ మనసులో ఏముండెనో ఇంతవరకూ ఎవరూ నిన్నడగలేదు, నేను కూడా అడగలేదు.

శనివారం బస్సుకు బెంగుళూరు వస్తాండా. నోటు బుక్కు తీసుకురాను. చెప్తే వింటా. చెప్పకుంటే నీ పక్కన కూచోని ఊదుబత్తులు చుడతా.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
రామాంజిని