బూడిద రాలే జేబు

అక్టోబర్ 6
హోటల్ ఏసీ హాల్లో మీటింగ్. ఊర్లో జీన్స్ కుట్టించే యూనిట్ల వాళ్లందరం. మాంద్యంలోనూ కంపెనీ ఎలా ఎదగాలో చెప్పడానికి బెంగళూరు నుంచి ఒక సారు. చేతిలో డబ్బు జాగ్రత్త, కొత్త గిరాకీ వెతకండి, పని తెలిసిన మనుషుల్ని మాత్రం వదులుకోకండి అన్నాడు. ఆ చివరి మాటకు హాలంతా నవ్వు. సగం మంది టైలర్లను అప్పటికే ఇంటికి పంపేశారు మరి. పక్క కుర్చీలో జయరత్నం అన్న. మా చర్చి సంఘ పెద్ద, మాకంటే పెద్ద యూనిట్. "మనుషులు యాడికి పోతారమ్మా? ఆర్డరొస్తే వాళ్లే పరిగెత్తుకోని వస్తారు."
నేను నవ్వలేదు. భోజనం మాత్రం బాగుంది.

అక్టోబర్ 9
జీన్స్ ఆర్డర్లిచ్చే ముంబై షావుకారు ఫోన్ ఎత్తడం లేదు. ఆర్డర్ ఇక రాదు. సగం కూలి ఇస్తూ అందర్నీ ఉంచుకుంటున్నాను — స్కూలు బ్యాగులు, చిన్నాచితకా రిపేర్లు. మా ఆయన దానం కోప్పడ్డాడు. "ఊరంతా పంపిచ్చేసింటే మనకేం పట్టిండాది?" మా టైలర్ ఈరమ్మ నా పెళ్లికి ముందు నుంచి ఆ మిషన్ మీదే ఉంది. ఏ మొహంతో పొమ్మనాలి?

అక్టోబర్ 14
ఈరమ్మ మొగుడిది కుడతిని ఊరి కరెంటు ప్లాంటులో బూడిద ఎత్తే పని. టీ దగ్గర చెప్పింది — "చొక్కా జేబు నిండా బూడిదేనక్కా. బీడీ తాగితే బూడిద తాగినట్లే ఉంటాదంట." అందరం నవ్వాం.
తర్వాత ఆలోచన. అక్కడ అంతమంది కూలీలు... వాళ్ల బట్టలు ఎవరో ఒకరు కుడుతున్నారు కదా. మేమెందుకు కుట్టకూడదు?

అక్టోబర్ 21
కుడతిని వెళ్లి కూలీలకు బట్టలు ఇప్పించే కాంట్రాక్టరును కలిశాను. "ఒక జత కుట్టి తీసుకురామ్మా, నోడోణ."
చూద్దామన్నాడు. అదే చాలు.

నవంబర్ 6
జత తయారు. మోకాళ్ల దగ్గర రెండు పొరలు. జేబుకు మూత. జేబు అడుగు మూలలో బీడీ జారనంత చిన్న సందు — దూరిన బూడిద దానంతట అదే రాలిపోవాలి. ఈరమ్మ పొయ్యి బూడిద పోసి ఊపి చూపించింది. చాలా రోజులకు యూనిట్‌లో కేకలు, నవ్వులు.

నవంబర్ 9
కోత పండుగ. చర్చి ఆవరణలో బియ్యం మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు. ఏటా మా కొత్త పనిలో మొదటి జత ప్రథమ ఫలంగా ఇస్తాం, వేలం వేస్తారు. ఈ ఏడు ఈ జతే. దానం వద్దన్నాడు, సిగ్గట. కాంట్రాక్టరుకు ఇంకోటి కుట్టొచ్చులే, మొదటిది దేవుడికే అన్నాను. మా అమ్మ నేర్పింది అదే.
కుడతిని ప్లాంటు కూలీల కోసం కుట్టిందని చెప్పగానే జనం నవ్వారు. "అయ్యగార్ని ప్లాంటులో పనికి పంపిస్తాండావా అక్కా?" పాస్టర్ అయ్యగారూ నవ్వారు. జయరత్నం అన్న ఒక్కడే నవ్వలేదు. పోటీ లేకపోయినా తన పాట తనే పెంచి మరీ కొన్నాడు. చప్పట్లు. నాకు కళ్లలో నీళ్లు. ఎంత మంచి మనసు అనుకున్నాను. బుద్ధి లేనిదాన్ని.

నవంబర్ 20
రెండో జత తీసుకుని కుడతిని వెళ్లాను. కాంట్రాక్టరు మడత విప్పకముందే అన్నాడు — "ఇట్లాంటిదే మొన్న చూసినా కదమ్మా. ఆర్డర్ కూడా ఇచ్చేస్తిని. ఆయన రేటు కమ్మి, చవగ్గా ఇస్తాండాడు." ఎవరని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు — జయరత్నం.
బస్సులో ఏడవలేదు. తిట్టాను, పైకే. పక్కనామె జరిగి కూర్చుంది.

నవంబర్ 23
ఆరాధనలో ప్రకటన — జయరత్నం అన్నకు కొత్త ఆర్డర్, అందుకు కృతజ్ఞతా కానుక. అందరూ ఆమేన్. నాకు నోరు రాలేదు. దానం మాత్రం ఆమేన్ అన్నాడు, మెల్లగా.

నవంబర్ 24
"వేలంలో కొన్నది ఆయన సొత్తే కదా," అంటాడు దానం. రాత్రి అన్నం వండలేదు. ఆకలేస్తే ఆ జయరత్నం ఇంటికే పొమ్మన్నాను.

డిసెంబర్ 2
జయరత్నం అన్న ఇంటికి వచ్చాడు. ఆయన పంపేసిన టైలర్లు తిరిగి రాలేదట. కొందరు బెంగళూరు, కొందరు గనుల్లో కూలికి. "నా కాడ ఆర్డరుండాది, నీ కాడ మనుషులుండారు. దేవుడే కలిపినాడు చూడుమ్మా." నా జతను నేనే ఆయనకు కుట్టివ్వాలి, కూలికి.
హాల్లో సారు చెప్పింది నిజమే అన్నమాట. మనుషుల్ని వదులుకోకపోతే కంపెనీ పెరుగుతుంది. ఎవరి కంపెనీ అన్నది చెప్పలేదంతే. కాదనడానికి నోరు తెరిచాను — కిటికీలోంచి కింద యూనిట్‌లో ఈరమ్మ కనిపించింది, కప్పిన మిషన్ మీది దుమ్ము తుడుస్తూ. సరేనన్నాను.

డిసెంబర్ 4
కత్తిరించిన గుడ్డల కట్టలు ఆటోలో వచ్చాయి. వెనకే ఆయన. మోకాలికి ఒక్క పొరే. జేబు అడుగు మొత్తం మూసేయాలట. ఎందుకని అడిగాను. "నీ జతలో ఆ మూల కుట్టు ఊడిపోయిండెమ్మా. నువ్వు చూసుకోలేదేమో. నేను సరి చేయించినా."
ఈరమ్మ నన్ను చూసింది. నేను కట్టలు లెక్కపెట్టాను.

డిసెంబర్ 5
పొద్దున్నే జేబు ముక్క పట్టుకుని ఈరమ్మ. "సందు ఇడవాలనా, మూయాలనా అక్కా?"
అది దేనికో ఆయనకు చెబితే, అదీ ఆయనదే అవుతుంది. వచ్చే కోత పండుగకు, దేవుడిచ్చిన తెలివి అని చర్చిలో సాక్ష్యం కూడా చెబుతాడు. చెప్పకుండా సందు వదిలితే, కుట్టు బాగాలేదని తిప్పి పంపుతాడు, కూలి ఇవ్వడు. మూసేస్తే మళ్లీ జేబు నిండా బూడిదే...
"జల్దీ చెప్పక్కా. వీటిల్లో ఒక జత మా ఇంటికే, నా మొగునికే వస్తాది."
ఇప్పుడే వస్తానని చెప్పి, పైన ఇంట్లోకొచ్చి ఇది రాస్తున్నాను. కింద ఒక్క మిషన్ చప్పుడూ లేదు.