ఇరవై అయిదో పన్ను

ఆదివారం, సాయంత్రం

నా మీద ఇంకా విసుగు పుట్టని ఒకే ఒక్క మనిషి, మా అక్కకి,

"ఇంట్లో కూర్చుని పేపరు చదివి లోకాన్ని తిట్టే బదులు, ఆ లోకంలోకి వెళ్లి నలుగురికి పనికొచ్చే పనేదైనా చెయ్యరా" అని పోయిన ఉత్తరంలో రాశావు. చేశాను. ఇక అనుభవించు. ఇన్నాళ్లూ దూరం నుంచి తిట్టేవాణ్ణి, ఇప్పుడు దగ్గర నుంచి చూసి తిడుతున్నాను.

నేను చేరింది ఉచిత దంతవైద్యశాలలో. ఆదివారాల్లో ఒక బడి కింది అంతస్తులో నడుస్తుంది. బెంచీలు గోడకి జరిపి ఆరు కుర్చీలు వేస్తారు. ఎక్కాలు రాసిన నల్లబోర్డు కింద బకెట్లు పెట్టి ఉమ్మమంటారు. నా చేతులు వణుకుతాయని పనిముట్లు ఇవ్వలేదు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ పని చేసినవాడికి గుమ్మం దగ్గర బల్ల, టార్చిలైటు, కార్డుల కట్ట ఇచ్చారు. వచ్చినవాళ్ల పేరు, వయసు, ఫోను నంబరు, నొప్పి ఉందా లేదా అడిగి, నోట్లోకి చూసి ఏ పన్ను, ఏం చెయ్యాలి అని కార్డు మీద రాయాలి. కార్డు లేనిదే కుర్చీ ఎక్కనివ్వరు. మన ఇంటి ముందు గదిలో పళ్లు చూసే నా పాత కుర్చీ దుప్పటి కప్పుకుని ఎలా పడి ఉందో నేనూ అక్కడ అలాగే ఉన్నాను. దానికైనా నెలకోసారి మిషను తిప్పి నూనె వేస్తాను. నాకు అదీ లేదు.

లోపలికి వెళ్లగానే ఒక పెద్ద అట్ట కనబడుతుంది. "ఇంతవరకు తీసిన పళ్లు" అని రాసి, కింద అంకె. ప్రతి ఆదివారం ఆ అంకె చెరిపి కొత్తది రాస్తారు. నేను యుద్ధాల చరిత్రలు చాలా చదివాను. తెగిన తలలు లెక్కపెట్టుకుని మురిసిన రాజులు వాటిలో కనబడతారు. పళ్లు లెక్కపెట్టుకునేవాళ్లని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. బాగు చేసిన పళ్లెన్నో చెప్పే అట్ట ఎక్కడని అడిగాను. అలాంటిది లేదన్నారు. ఎందుకుంటుంది? అక్కడ పీకడం తప్ప మరో పని చెయ్యరు. సిమెంటు పెట్టరు, రూట్ కెనాల్ చెయ్యరు. నోరు తెరిచిన ప్రతివాడూ ఒక పన్ను తక్కువతో ఇంటికి వెళతాడు.

కారణం మూడో వారానికి గానీ నాకు బోధపడలేదు. ఆ కుర్చీల దగ్గర నిలబడేది పళ్ల కాలేజీ చివరి సంవత్సరం పిల్లలు. పరీక్షకి కూర్చోవాలంటే ఒక్కొక్కరు ఇరవై అయిదు పళ్లు పీకినట్టు రికార్డు చూపించాలి. డబ్బున్నవాడు తన నోరు వీళ్లకి అప్పగించడు. అందుకని లేనివాళ్ల నోళ్లు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి, దానికి సేవ అని పేరు పెట్టారు. సేవ ఎవరు ఎవరికి చేస్తున్నట్టు?

దీన్ని నడిపేవాణ్ణి నవ్వుల డాక్టరు అంటాను. ప్రతి కూడలిలోనూ అతని పళ్లతో ఒక బోర్డు ఉంటుంది. ఒకప్పుడు ఆరు నెలలు నా దగ్గర మత్తుసూది పట్టుకోవడం నేర్చుకున్నవాడే. ఇప్పుడు నన్ను "గురువుగారూ" అని పిలిచి, ఫోటోలో పక్కన నిలబెట్టుకుని, ఫోటో అయ్యాక మళ్లీ గుమ్మం దగ్గరికి పంపిస్తాడు.

ఇవాళ ఒకావిడ వచ్చింది. బట్టలు కుడుతుంది, ముప్పై ఏళ్లుండవు. పై వరసలో ముందు పన్ను. దారం కొరికి కొరికి దానికి గాడి పడింది. ఆ గాడి దగ్గర చిట్లి లోపలికి పుచ్చింది. వేరు గట్టిగా ఉంది. మూడుసార్లు కూర్చోబెట్టి రూట్ కెనాల్ చేస్తే ఆ పన్ను ఆమె ముసలిదయ్యేదాకా నిలుస్తుంది. కార్డు మీద "ఉంచవలసినది" అని పెద్ద అక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాను. నవ్వుల డాక్టరు వచ్చి నా మాటని ఎర్ర సిరాతో కొట్టేసి "తీయవలసినది" అని రాశాడు.

"రూట్ కెనాల్ అంటే వీళ్లు మళ్లీ మళ్లీ రారు గురువుగారూ. మనకి తెలియదా?" అన్నాడు.

ఆమె అక్కడే నిలబడి వింటోంది. "మూడు ఆదివారాలు రాగలవామ్మా?" అని అడిగాను.

"ఎందుకు రానండీ? నాకు బట్టలిచ్చినవాళ్లని నేను మూడేసి సార్లు తిప్పుతాను. నన్ను తిప్పితే తిరగనా?" అంది.

అతను నవ్వాడు. నవ్వడమే కదా అతని వృత్తి. ఈలోగా ఇవాళ్టి టోకెన్లు అయిపోయాయి. వచ్చే ఆదివారం వచ్చి పీకించుకోమని ఆమెని పంపించేశారు. ఈ వారం నాకు నిద్ర పట్టదు. నీకూ పట్టకూడదని రాస్తున్నాను.

నీ తమ్ముడు


సోమవారం, ఉదయం

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. వంట చేస్తూ చదవకు.

నిన్న ఆమె వచ్చింది. నాలుగో కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడున్నది కళ్లద్దాల పిల్ల. పనిమంతురాలు, వచ్చినవాళ్లతో మర్యాదగా మాట్లాడుతుంది. మత్తుసూది తీస్తుంటే నేను నా బల్ల వదిలి వెళ్లి కుర్చీకి అడ్డంగా నిలబడ్డాను.

"సూది కింద పెట్టు. ముందు అద్దం పెట్టి చూసి, ఈ పన్ను తియ్యాల్సిందేనా చెప్పు" అన్నాను.

ఆ పిల్ల చూసింది. దాచుకోలేదు. "ఉంచొచ్చు సార్" అంది మెల్లగా.

"మరి?"

"నాకు ఇరవై నాలుగే అయ్యాయి సార్. ఇంకో ఎనిమిది రోజుల్లో రికార్డు ఇచ్చెయ్యాలి. ఒక్కటే తక్కువ సార్."

"ఒక్కటి తక్కువైతే ఒకరి ముందు పన్ను పీకేస్తావా? రేపు ఆవిడ ఎవరి ఎదుటైనా నోరు తెరవగలదా? సిగ్గుండాలి" అని అరిచాను. గది గదంతా ఇటు తిరిగింది.

కుర్చీలో ఉన్నావిడ, "మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చుకోండి బాబూ. అందాకా నేను నోరు మూసుకోవచ్చా?" అంది.

నవ్వుల డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "గురువుగారూ, చాదస్తం మరీ ఎక్కువైంది మీకు. వీళ్లకి కావాల్సింది నొప్పి పోవడం, అందం కాదు."

"కూడలిలో బోర్డు మీద ఉన్న నీ పళ్లలో ఒకటి పీకించుకుని, అప్పుడొచ్చి ఈ మాట అను."

"వచ్చే ఆదివారం నుంచి మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. నవ్వకుండా మాట్లాడటం అతనికి వచ్చునని అప్పుడే తెలిసింది.

నేను కార్డు తీసి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాను. కార్డు లేకపోతే ఎవరూ ఆమెని ముట్టుకోలేరు. అది ఇప్పుడు నా ఎదురుగా బల్ల మీద ఉంది. ఇక అటు వెళ్లను. ఆ లోకానికో దండం, నాకు నా పేపర్లు చాలు.

కానీ అక్కా, ఇల్లు చేరేసరికి నేను వేసిన కేకలు నా చెవుల్లో లేవు. "ఒక్కటే తక్కువ సార్" అన్న మాట ఉంది. అది నా మాట. యాభై మూడేళ్ల కిందట మా ప్రొఫెసరు బల్ల ముందు నిలబడి, అక్షరం పొల్లు పోకుండా నేనన్న మాట. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే "అయితే తెచ్చుకో" అన్నాడు, సంతలో వంకాయలు తెచ్చుకోమన్నట్టు. ఆయన్ని జీవితమంతా తిట్టుకున్నాను. ఆయన పీకమన్నాడు సరే, పీకినవాడెవడు?

మర్నాడు నువ్వు కాలేజీకి వచ్చి, పన్ను నొప్పిగా ఉందని నా కుర్చీలో కూర్చున్నావు. పై వరసలో కుడివైపు, కోరపంటికి ముందుది. అద్దం పెట్టి చూశాను. గోటితో గీసినంత పుచ్చు. సిమెంటు పెడితే పది నిమిషాల పని. "ఇది పనికిరాదక్కా, తీసెయ్యాలి" అన్నాను. "నీకు తెలిసినంత నాకు తెలుసా, తియ్యి" అన్నావు. తీశాను. పుస్తకంలో ఇరవై అయిదు అని రాశాను. పరీక్షలో రెండోవాడిగా వచ్చాను. నీ పెళ్లి ఫోటోలో నువ్వు నోరు బిగించి కూర్చున్నావు. అప్పటినుంచి ఇవాళ్టిదాకా నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటావు. అందరూ అది నీ సిగ్గు అనుకున్నారు. నీ మనవలు నిన్ను అనుకరించి ఆడుకుంటుంటే నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. నీకూ నాకూ కూర్చుని మాట్లాడుకునే వేళలెన్ని వచ్చినా నీ నోటి వైపు చూడకుండా నీ నుదుటి వైపు చూసి మాట్లాడాను. నువ్వెప్పుడూ కనిపెట్టలేదు.

నిన్న ఆ పిల్లతో సిగ్గుండాలి అన్నాను. ఎవరికి ఉండాలో ఇప్పుడు నీకు తెలిసింది. క్షమించమని అడగను. అడగడానికి నాకు ముఖం లేదు. చెప్పకుండా చచ్చిపోకూడదని చెప్పాను.

నీ తమ్ముడు


గురువారం

ఒరేయ్ ముక్కోపీ,

కూర్చునే చదివాను. నీ ఉత్తరాలు నిలబడి చదివే ఓపిక నాకెక్కడిది?

ముందు ఒక మాట. ఆ రోజు నాకు పంటి నొప్పి లేదు. ముందు రోజు సాయంత్రం నువ్వు అన్నం ముట్టకుండా, "ఒక్కటి తక్కువైంది, ఈ ఏడు పోయినట్టే" అని అమ్మతో అంటుంటే పక్క గదిలో విన్నాను. పొద్దున్నే బస్సెక్కి వచ్చి నీ కుర్చీలో కూర్చున్నాను. నువ్వు పనికిరాదని అబద్ధమాడావు, నేను నొప్పని అబద్ధమాడాను. ఇద్దరికీ చెల్లు. అది నేను ఇచ్చిన పన్ను. ఇచ్చినదాని కోసం నేనెప్పుడూ ఏడవలేదు. నువ్వెందుకు ఏడవడం?

నా కోపం వేరే ఉంది. నువ్వు మూట విప్పావు కాబట్టి నేనూ విప్పుతాను. నువ్వు డాక్టరువయ్యావు. ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లోవాళ్లందరికీ పళ్లు కట్టావు. మా ఆడపడుచుకి కట్టావు, మా ఇంటి ఎదురు లాయరుగారికి కట్టావు. నా నోట్లో ఖాళీ ఉందని ఒక్కనాడైనా నోరు తెరిచి అన్నావా? "రా అక్కా, అక్కడొక పన్ను పెడతాను" అంటావని ఎన్నేళ్లు చూశానో తెలుసా? మీ బావ ఇంకో డాక్టరు దగ్గరికి పోదామంటే నేనే వద్దన్నాను. తమ్ముడు పళ్ల డాక్టరయ్యుండి అక్క పరాయివాడి దగ్గర నోరు తెరిస్తే నీ పరువేం కాను? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పెరట్లోని మనిషి వైద్యుడికి గుర్తు రాదని మాత్రం నీ దగ్గరే నేర్చుకున్నాను. నీకు గుర్తు లేదనుకుని ఊరుకున్నాను. గుర్తుండే అడగలేదని ఇప్పుడు చెబుతున్నావు. ఇది ఇంకా అన్యాయంరా. నీ తప్పు నీకు అంత ముద్దొచ్చింది, నా నోరు మాత్రం కనబడలేదు. నుదుటి వైపు చూసేవాడివని నేను కనిపెట్టలేదట. నా నుదుట ఏం రాసి ఉందిరా అంతసేపు చదవడానికి?

ఇప్పుడూ అదే పని చేశావు. అరిచావు, కార్డు జేబులో వేసుకుని ఇంటికొచ్చి కూర్చున్నావు. ఆ కుట్టుపనావిడ పంటి నొప్పి కూడా నీ జేబులోకి వచ్చిందా? ఆమె ఈ వారమంతా దవడ పట్టుకుని మిషను తొక్కుతూ ఉంటుంది. పన్ను ఎక్కడ కాపాడావు నువ్వు? కాగితం కాపాడావు.

చెప్పినట్టు చెయ్యి. కార్డు మీద ఆమె ఫోను నంబరు ఉంటుంది కదా, ఇది చదవగానే పిలువు. ముందు గదిలో కుర్చీ మీద దుప్పటి తీసి ఉతికించు. నెలనెలా నూనె వేసే మిషను దేనికి, దిష్టికా? కళ్లద్దాల పిల్లకి నువ్వు సిగ్గుండాలన్నావు కాబట్టి వెళ్లి క్షమాపణ నువ్వే చెప్పాలి. ఆ తర్వాత ఆ రూట్ కెనాల్ మన ఇంట్లో చెయ్యమని అడుగు. చేతులు ఆ పిల్లవి, పక్కన నిలబడి చెప్పే నోరు నీది. చేతులు వణుకుతాయి గానీ నీ నోరు ఏనాడూ వణకలేదు.

ఆ పిల్లకి తక్కువైన ఒక్కటీ నేనిస్తాను. కింద ఎడమవైపు పన్ను రెండు నెలలుగా ఊగుతోంది. ముద్ద నమలనివ్వడం లేదు. తీసెయ్యాలని జ్వరానికి చూసే మా డాక్టరే ఎప్పుడో అన్నాడు. నీ పరువు కోసమే ఆపుకున్నాను. శనివారం బస్సుకి వస్తున్నాను. ఆదివారం ఆ బడికి వెళదాం. వాళ్లు రావద్దన్నది నిన్ను, నన్ను కాదు. ముసలిదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాణ్ణి ఎవడు ఆపుతాడో నేనూ చూస్తాను. ఆ నవ్వుల డాక్టర్ని కూడా చూడాలి.

అది అయ్యాక, పైన ఖాళీకి కొలత తీయించి పన్ను కట్టు. మరీ తెల్లగా పెట్టకు, పక్కవాటిలో కలవాలి. ఒక ఫోటో తీయించుకోవాలని ఉంది.

నువ్వు బల్ల దగ్గర లేకపోయినా నా కార్డు నువ్వే రాయి. వయసు డెబ్భై ఏడు, తగ్గించకు. నొప్పి ఉందా అన్నచోట ఉందని రాయి. ఈసారి నిజంగానే ఉంది.

మీ అక్క